పెద్దల తలకు తగిలిన దెబ్బ : పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతి

గ్రామపంచాయతీ సమావేశములలో త్రాగునీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, వైకుంఠధామము మున్నగు విషయములు తరచుగా చర్చకు వచ్చుచుండును. ఊరిలో ఒక వృద్ధురాలు కాలు జారి పడినదన్న సంగతి చర్చకు వచ్చుట అరుదు. అది ఆ యింటివారి సంగతి యనియు, వయస్సు మీరినవారు పడుట సహజమే యనియు మనము తలచుచున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ననుసరించి ఏటేట ప్రపంచమందు సుమారు 6,84,000 మంది పడిపోవుట మూలమున మరణించుచున్నారు. ప్రమాదవశమున కలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాత స్థానము దీనిదే. మృతులలో నూటికి 80 మందికి పైగా పేద దేశములవారు, మధ్యతరగతి దేశములవారు. అందును 60 ఏండ్లు దాటినవారే ఎక్కువగా ప్రాణములు కోల్పోవుచున్నారు.

పడిన దినముననే ప్రాణము పోయినచో అది అందరికిని తెలియును. తెలియకుండ పోవునది వేరొకటి కలదు. నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల పంచాయతీ సభ్యులు దానినిగూర్చి ప్రత్యేకముగా తెలిసికొనవలసియున్నది.

ఒక యింటిని ఊహింతము. పాలమూరు మెట్ట ప్రాంతమున ఇట్టి యిల్లు లేని ఊరు లేదనవచ్చును. కొడుకును కోడలును మేస్త్రీ వెంట బొంబాయికో, పూనాకో పనికి పోయినారు. ఇంటిలో డెబ్బది యేండ్ల అవ్వ, బడికి పోవు మనుమడు మిగిలినారు. తెల్లవారుజామున అవ్వ జాలారి కడకు పోయి తడి బండమీద జారి పడినది. తల వెనుక గోడ అంచు తగిలి బొప్పి కట్టినది. నెత్తురు రాలేదు. పొరుగింటి ఆమె వచ్చి పసుపు పెట్టినది. అవ్వ లేచి పొయ్యి ముట్టించుకొన్నది. బొప్పి నాలుగు దినములలో తగ్గినది. మనుమడు ఆ సంగతి మరచినాడు, అవ్వయు మరచినది.

ఇరువది దినములు గడచిన పిమ్మట అవ్వ పగటివేళ ఎక్కువగా నిద్రించుచున్నది. మనుమని కొడుకు పేరు పెట్టి పిలుచుచున్నది. చేతిలోని గ్లాసు జారిపోవుచున్నది, ఒక కాలు ఈడ్చుచున్నది, పడకలోనే తడుపుకొనుచున్నది. “ముసలితనం గదా, గట్లనే ఉంటది” అని పొరుగువారు అనుచున్నారు. ఫోనులో కొడుకు అడిగినచో, “మీ అమ్మకు మతి తప్పుతున్నది, బిడ్డా. పండుగకు వచ్చి చూసి పోండ్రి” అని చెప్పుచున్నారు. పండుగ నాటికి అవ్వ ఉండకపోవచ్చును. ఇరువది దినముల క్రిందటి బొప్పికిని నేటి మతిమరపునకును సంబంధము కలదని చెప్పగలవారు ఆ వీధిలో ఒక్కరును లేరు. ఈ లోపమును తీర్చుటకు పంచాయతీకంటె తగిన సంస్థ వేరొకటి కనబడదు.

బొప్పి తగ్గిన పిమ్మట లోపల జరుగునది

పచ్చి కొబ్బరికాయలో కొబ్బరి చిప్పకు అంటియుండును. కాయ ఎండినకొలది లోపలి కుడుక చిప్పను విడిచి, కాయను ఊపినపుడు గడగడలాడును. మనిషి తలయు కొంతవర కిట్టిదే. యౌవనమున మెదడు పుర్రెను నిండియుండును. వయస్సు పైబడినకొలది మెదడు కొంచెము కుంచించుకొని, పుర్రెకును దానికిని నడుమ ఎడము ఏర్పడును. మెదడు ఉపరితలమునుండి పై పొరలోనికి పోవు సన్నని సిరలు ఆ యెడమునకు అడ్డముగా సాగి, బిగుసుకొని యుండును. వయసువానికి ఏమియు కాని చిన్న కుదుపునకే ముసలివారిలో ఈ సిర ఒకటి తెగవచ్చును. తల నేలకు తగులకుండ, కూలబడిన అదురుపాటునకు తెగుటయు కలదు.

తెగినది సిర గనుక రక్తము చిమ్మదు, ఊరును. లోపల ఎడము కలదు గనుక అది వెంటనే మెదడును ఒత్తదు. అందువలననే మొదటి దినములలో మనిషి లేచి తిరుగును, అన్నము తినును, మాటాడును. ఊరిన రక్తము చుట్టును పలుచని పొర ఏర్పడి, ఆ పొరనుండి మరల మరల నెత్తురు స్రవించి, కొన్ని వారములలో అది గంజివలె పలుచనై పెరుగును. సాధారణముగా రెండు మూడు వారములకు మొదలుకొని రెండు మూడు నెలల లోపల దాని లక్షణములు బయటపడును. తలనొప్పి, మగత, తికమక, మాట తడబడుట, ఒకవైపు చేయి కాలు బలహీనమగుట, నడక చెడుట అందులో ముఖ్యమైనవి. ఇవి యన్నియు వార్ధక్య లక్షణములవలెనే యుండును. పక్షవాతమని భ్రమింపజేయుటయు కలదు.

ఈ జబ్బునకు చికిత్స కలదు. పుర్రెకు ఒకటి రెండు చిన్న రంధ్రములు చేసి ఆ ద్రవమును బయటికి తీయుదురు. సకాలమున చేసినచో, మనుమని గుర్తింపలేని అవ్వ మరల వానిని పేరు పెట్టి పిలుచుట పలుచోట్ల జరుగుచున్నది. చిన్న గడ్డ యైనచో శస్త్రచికిత్స లేకయే వైద్యులు గమనించుచు నయము చేయుటయు కలదు. అయితే గడ్డ కలదని తెలియవలెను. దీనిని చూపునది సీటీ స్కాను. సాధారణ ఎక్సురే ఎముక విరిగినదీ లేనిదీ చెప్పును గాని లోపలి నెత్తురును చూపదు. “ఫొటో తీయించినాము, ఏమీ లేదన్నారు” అని ఇంటివారు చెప్పినపుడు, ఏ ఫొటో తీయించినారని సభ్యుడు అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్న మిగుల ప్రయోజనకరము.

ఆలసింపరాని వేళలు

అన్ని గాయములును వారముల తరువాతనే బయటపడునని అనుకొనరాదు. పడిన వెంటనే క్షణకాలమైనను స్మృతి తప్పినను, మరల మరల వాంతి యైనను, మూర్ఛ వచ్చినను, చెవినుండి గాని ముక్కునుండి గాని నెత్తురో నీటివంటి ద్రవమో కారినను, తలనొప్పి గంటగంటకు హెచ్చుచున్నను ఆలసింపక 108కి ఫోను చేయవలెను. ఈ వాహనములు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుండి నడచుచున్నవి. అయినను రాత్రివేళ ఎవరు పిలువవలెనన్న సంశయముతోనే చాల కాలము గడచిపోవుచున్నది.

గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు, ఒకసారి పక్షవాతము వచ్చి కోలుకొన్నవారు నెత్తురు పలుచబరచు మాత్రలు వాడుచుందురు. వారికి తల తగిలినచో పైకి ఏమియు కనబడకున్నను ఆ దినముననే ఆసుపత్రికి పంపవలెను. మాత్రల చీటీని వెంట పంపవలెను. ఆ మాత్రలను తమంతట తాము మానివేయుట కూడ అపాయకరమే గనుక ఆ నిర్ణయమును వైద్యునికి విడువవలెను.

ఇచ్చట ఒక సున్నితమైన సంగతి చెప్పక తప్పదు. దెబ్బ తగిలినపుడు మొదట పిలువబడునది ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు. అర్ధరాత్రి పిలిచినను వచ్చువాడతడే. అతనిని నిందించుటవలన ప్రయోజనము లేదు. తలకు దెబ్బ తగిలిన వృద్ధునకు నిద్ర మందు గాని, నొప్పికి బలమైన సూది మందు గాని ఇచ్చినచో అసలు లక్షణములు మరుగుపడును. కొన్ని నొప్పి మందులు నెత్తురు కారుటను హెచ్చించును. ఈ సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి చేత అతనికి మర్యాదగా చెప్పించినచో అతడే మనకు పెద్ద సహాయకుడగును.

కల్లు సంగతియు ఇట్టిదే. సాయంకాలము కల్లు త్రాగి వచ్చుచు పడిన ముసలివానిని మంచముమీద పడవేసి, మత్తు దిగిన తరువాత లేచునని ఊరకుందురు. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు మన జిల్లాలను ఎంత బాధించినదో పాఠకులకు తెలియనిది కాదు. ఆ మందులు మనిషిని తూలజేయును; అలవాటుపడినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు వచ్చి పడును. త్రాగినవాడు పడినచో అది మత్తా, తలలోని గాయమా యనునది చూచినంత మాత్రమున వైద్యుడు కూడ చెప్పలేడు. తలకు దెబ్బ తగిలి, పిలిచినను పలుకనివానిని తెల్లవారువరకు ఉంచరాదు.

నీరు మారినను ఎముక మారలేదు

నల్లగొండ జిల్లా వృద్ధులకు మరియొక కష్టము కలదు. నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు ఎముకల వ్యాధి 1937లో నాటి మద్రాసు రాష్ట్రమునకు చెందిన నెల్లూరు జిల్లాలో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. నల్లగొండ జిల్లాలోని వ్యాధినిగూర్చి డాక్టరు సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయినది. మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల పేర్లు దేశమంతట వినబడుటకు కారణము ఈ వ్యాధియే. అటు పిమ్మట నాగార్జునసాగరు జలములు, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలములు పల్లెలకు వచ్చినవి. పిల్లల పండ్లమీద ఆ మార్పు కనబడుచున్నది. అరువది డెబ్బది యేండ్లవారు మాత్రము తమ బాల్యమును, యౌవనమును ఆ బావుల నీటితోనే గడపినవారు. ఎముకలలో చేరిన ఫ్లోరైడు అంత సులభముగా బయటికి పోదు.

ఈ వ్యాధి ముదిరినవారికి వెన్నెముక కీళ్లు, వానిని కట్టియుంచు నరములవంటి బంధములు గట్టిపడి, వెన్ను ఒకే కర్రవలె బిగుసుకొనిపోవును. మెడ త్రిప్పలేరు. కాలి క్రింద నేమున్నదో వంగి చూడలేరు. తూలినపుడు చేయి చాచి ఆపుకొనలేరు. కొందరికి వెన్నుపాము ఒత్తిడికి లోనై కాళ్లు బిగుసుకొనును. ఇతరులు తూలి నిలుచుచోట వీరు మొద్దువలె పడుదురు. పడినపుడు తలయో మెడయో మొదట తగులును. ఎముక పైకి చిక్కగా కనబడినను పెళుసుగా నుండును.

ఇట్టివారిని లేపుటయందు మిక్కిలి జాగ్రత్త అవసరము. నలుగురు చేరి సందిళ్లు పట్టి లాగుట మన అలవాటు. పడినవారికి మెడ నొప్పి యున్నను, కాలు చేతులు మొద్దుబారినను అట్లు లాగరాదు. ఏండ్ల తరబడి ముందుకు వంగియున్న మెడను నేలకు సమముగా చాచుటకు ప్రయత్నించినచో వెన్నుపాము దెబ్బ తినవచ్చును. మెడ ఏ తీరున నున్నదో ఆ తీరుననే మడిచిన దుప్పటి ఆనుగా పెట్టి, తల, భుజములు, నడుము ఒక్కసారి కదలునట్లు పట్టి, పలకమీదికో తలుపు రెక్కమీదికో చేర్చవలెను. లోతుగా క్రుంగు నులక మంచము ఇందులకు పనికిరాదు. తుంటి యెముక విరిగినచో ఆ కాలు పొట్టిదై పాదము వెలుపలికి తిరిగియుండును, అట్టివారిని నడిపింపరాదు.

పడుటకు ముందు చేయదగినవి

పడిన తరువాతి సంగతులకంటె పడకుండ చేయు సంగతులు పంచాయతీకి మరింత దగ్గరివి. ముసలివారు ఎక్కువగా పడునది కొండలమీదను గాదు, గుట్టలమీదను గాదు. మంచమునుండి మరుగుదొడ్డివరకు గల పది పదునైదు అడుగుల దూరములో, రాత్రివేళ చీకటిలో పడుటయు కలదు. మన మరుగుదొడ్లు చాలవరకు ఇంటికి ఎడముగా వాకిటి మూల కట్టబడినవి. మధ్య ఒక గడప, ఒక మెట్టు, తడిసిన షాబాదు బండలు ఉండును. మరుగుదొడ్డి కట్టుటకు ధనమిచ్చినాము గాని దానిలో గోడకు ఒక ఇనుప పిడి పెట్టుటకు ఇవ్వలేదు. గొంతుకూర్చుని లేచుటకు ఆ పిడి ఊతమగును. ఊరి వెల్డింగు దుకాణములో స్వల్ప వ్యయముతో అట్టి పిడి తయారగును. కొనలేని వారికి ఎట్లు సమకూర్చవలెనో సభ్యులు ఆలోచింపవచ్చును. బండలమీద పాకురు గోకివేయుట, నునుపు బండను సుత్తితో గరుకు చేయించుట కూడ ఖర్చు లేని పనులు.

రక్తపోటు మాత్రలు వాడువారు పడుకొని చటాలున లేచినచో కన్నులు చీకట్లు క్రమ్మి పడుదురు. మంచము అంచున నూరు లెక్కించువరకు కూర్చుండి లేవవలెనని ఆశా కార్యకర్త మాత్రలిచ్చునపుడే చెప్పవచ్చును. చూపు సంగతియు ముఖ్యమే. 2018లోను, 2023లోను జరిగిన కంటి వెలుగు శిబిరములలో అద్దములు పొందినవారు పలువురు కలరు. ఆ అద్దములు ఇప్పుడు ముఖముననున్నవా, గూటిలోనున్నవా, పగిలినవా యని విచారించువారు లేరు. శుక్లము ముదిరినదని చెప్పించుకొని శస్త్రచికిత్సకు పోనివారి పట్టిక ఉపకేంద్రమునందు దొరకవచ్చును.

వీధుల విషయమున మన తప్పే కొంత కలదని ఒప్పుకొనవలెను. పాత రోడ్డును త్రవ్వకుండ దానిపైననే సిమెంటు రోడ్డు వేయుటవలన కొన్ని వీధులలో రోడ్డు ఇండ్ల వాకిండ్లకంటె ఎత్తైనది. గడప దాటిన వెంటనే ఎక్కవలసిన ఆ ఎత్తు ఒకచోట జానెడు, ఒకచోట మూరెడు. కాలువలమీది పలకలు కొన్నిచోట్ల పగిలినవి, కొన్నిచోట్ల లేనే లేవు. కోతులు మీదికి వచ్చినపుడు బెదరి పడు వృద్ధుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పంచాయతీ రాజ్ చట్టము, 2018 ప్రకారము వీధి దీపములకును, పనులకును స్థాయీ సంఘములు కలవు. ఆ సంఘముల సభ్యులు ఒక సాయంకాలము దీపములు వెలిగిన తరువాత, ఒక వృద్ధుని వెంట ఆయన నడక వేగముననే ఊరు చుట్టివచ్చినచో, ఏ స్తంభమునకు దీపము కావలెనో, ఏ కాలువకు పలక కావలెనో కాగితము చూడకయే తెలియును.

వలసపోయిన బిడ్డలు, ఊరిలోని కండ్లు

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. పోషింపని బిడ్డలమీద వృద్ధులు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల కారాగారము గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. చట్టము మంచిదే. కాని పాలమూరునుండి పనికి పోయిన కొడుకు తల్లిని విడిచిపెట్టినవాడు కాడు. ఆమెకు మందులు కొని పంపుటకే పోయినవాడు. వానిని బెదరించుటకు ఈ చట్టమును ఎత్తుట సరికాదు. వానికి కావలసినది తల్లిని ఊరిలో ఒకరు చూచుచున్నారను నమ్మకము. జిల్లాకు ఒక వృద్ధాశ్రమమైన స్థాపింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. అయినను మన వృద్ధులలో అత్యధికులు తమ యిండ్లలోనే ఉన్నారు, ఉండగోరుచున్నారు. కావున ఊరే వారికి ఆశ్రమము వంటిది. పంచాయతీ పరిధిలో వృద్ధాశ్రమమున్నచో దానికిని ఈ వ్యాసములో చెప్పినవన్నియు వర్తించును.

చేయదగిన పని చిన్నది. ఊరిలో ఒంటరిగానో, చిన్నపిల్లలతోనో ఉన్న వృద్ధుల పేర్లు వార్డువారీగా ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. పేరు ప్రక్కన బిడ్డల ఫోను నెంబరు, వాడు మాత్రలు, ఆపదలో తలుపు తట్టవలసిన పొరుగింటివారి పేరు ఉండవలెను. ఎవరైనను పడినట్లు తెలిసినచో తేది వేయవలెను. ఆ తేదినుండి మొదటి దినమంతయు ఒకరు దగ్గర నుండవలెను. పిమ్మట మూడు నెలలవరకు వార్డు సభ్యుడో, మహిళా సంఘపు సభ్యురాలో వారమునకొకసారి ఆ యింటికి పోయి కొద్దిసేపు మాటాడవలెను. పరీక్షకు యంత్రమక్కరలేదు. రెండు చేతులు ముందుకు చాచమనుట, పది అడుగులు నడువుమనుట, నిన్న ఏమి కూర వండినావని అడుగుట చాలును. ఒక చేయి క్రిందికి వ్రాలినను, నడక మారినను, మాట తప్పినను ఆ పుస్తకములోని తేదియే వైద్యునికి దారి చూపును. గ్రామసభ రెండు నెలలకొకసారి జరుగవలసియున్నది గనుక అపుడు ఈ పుస్తకమును ఒకసారి తెరచి చూచుట కష్టము కాదు. ఆశా కార్యకర్తమీదనే ఈ భారమంతయు మోపుట న్యాయము గాదు. ఆమెకు ఇప్పటికే పుస్తకములు చాలగలవు.

ఆసుపత్రుల విషయమున మునుపటికంటె సౌకర్యము హెచ్చినది. మహబూబునగరములో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను, నాగర్‌కర్నూలు, వనపర్తులలో 2022లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ఆరోగ్యశ్రీ పథకము 2007లో తొలుత ప్రారంభింపబడిన మూడు జిల్లాలలో మహబూబునగరము ఒకటి. తలలోని నెత్తురు గడ్డకు చేయు శస్త్రచికిత్స దాని పరిధిలోనిదే. సీటీ స్కాను ఏ ఆసుపత్రిలో రాత్రివేళ కూడ పనిచేయుచున్నదో ముందుగనే విచారించి పంచాయతీ గోడమీద వ్రాయించవలెను. వృద్ధుల సహాయమునకై ఏర్పడిన 14567 నెంబరును కూడ దాని క్రిందనే వ్రాయించవచ్చును.

ఆసుపత్రికి పంపునపుడు వెంట ఒక చీటీ పంపవలెను. సంగతి చెప్పగల బంధువు వెంట లేనపుడు, అవ్వ ఎప్పుడును ఇట్లే యుండునేమో యని క్రొత్త వైద్యుడు అనుకొనుట సహజము. చీటీలో పడిన తేది, తల ఏ ప్రక్క తగిలినది, వాడుచున్న మాత్రలు, పడుటకు ముందు ఆమె స్వయముగా వండుకొని మాటాడుచుండెడిదా, మార్పు ఏ దినమునుండి కనబడినది, కొడుకు ఫోను నెంబరు వ్రాయవలెను. పడిన తేది తెలియనిచో “తెలియదు” అని వ్రాయవలెను గాని ఖాళీగా విడువరాదు. ఆ మాట చూచినచో, పడుట జరిగి చాల దినములైనదేమో యని వైద్యుడు అనుమానించుటకు వీలగును.